గురువారం ఓడెక్కిన స్టెప్నీ

నేను ఒక స్టెప్నీని. కారుకు అయిదో చక్రాన్ని. పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకును చూసే ఉంటారు. కొత్తబట్టలు, బొట్టు, బుగ్గచుక్క అన్నీ ఉంటాయి, తాళి కట్టే పని మాత్రం ఉండదు. నా బతుకూ అంతే. అయినా మా కారు చక్రాలు అయిదింటిలో సముద్రం దాటింది నేనొక్కదాన్నే. మిగతా నాలుగూ నాగపట్నంలో ఒక లారీ షెడ్డులో నిలబడి ఎండిపోయాయి. గొప్పలు చెప్పుకోవడం నా స్వభావం కాదు. ఇది గొప్ప కాదు, జరిగిన సంగతి.

నాతోపాటు ఒకే అచ్చులో, ఒకే రోజు నలుగురు పుట్టారు. బిగించే మనిషి వరసలో ముందున్న నలుగురినీ ఎత్తుకున్నాడు, చివర్లో ఉన్నానని నన్ను డిక్కీలో పడేశాడు. ఆ కారు మొదట గూడూరులో ఒక పళ్ళ డాక్టరుది. ఇంటికీ ఆస్పత్రికీ మధ్య రెండు వీధులు. నేనున్నానన్న సంగతి ఆయనకు కారు అమ్మేటప్పుడు గాని తెలియలేదు. తర్వాత నాయుడుపేటలో కళ్ళజోళ్ళ కొట్టు మునిరత్నం కొన్నాడు. నాతో పుట్టిన నలుగురూ అరిగి, బోడిగుండ్లై, పాతసామాన్లవాడి బండెక్కారు. కొత్త నలుగురు వచ్చారు. వాళ్ళకీ నేను స్టెప్నీనే.

మునిరత్నానికి జీవితంలో రెండు నమ్మకాలు. ఒకటి పంచాంగం. రెండోది భార్య వేదవల్లి. ఆమె హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు భూగోళం చెప్పి రిటైరైంది. ఊళ్ళో ఆమెను లంక టీచరమ్మ అంటారు. ఎందుకంటే పెళ్ళి కాకముందే మేనమామతో కలిసి ఓడెక్కి లంకకు పోయొచ్చిందట. ఓడలో వాంతులు చేసుకుందట. ఆమె ఓణీలో ఎగిరే చేప ఒకటి వచ్చి పడిందట. పాక్ జలసంధి పాఠం రోజున పక్క సెక్షన్ పిల్లలు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడేవారట. మునిరత్నం ఆమెను చేసుకున్నదే అందుకు. "సముద్రం దాటిన పిల్లమ్మా, ఈమె కాకపోతే నాకు పెళ్ళే వద్దు" అని అప్పట్లో తల్లి దగ్గర మొండికేశాడట.

అసలు సంగతి ఏమిటంటే, ఆమె ఎక్కడికీ పోలేదు. ఈ రహస్యం తెలిసింది ఇద్దరికే, ఆమెకూ నాకూ.

నాకెలా తెలుసంటారా? లంకకు ఓడ మళ్ళీ నడుస్తోందని పేపర్లో చదివి, "రిటైరైనావు గదా, నీ సముద్రం నీకు మళ్ళా చూపిస్తా. ఈసారి మన కార్లోనే పోదాం" అని మునిరత్నం ప్రకటించిన మర్నాడు, ఆమె గాలి చూసొస్తానని షెడ్డులోకి వచ్చింది. డిక్కీ తెరిచి పాతచీర ముక్కతో నన్ను తుడుస్తూ అంతా చెప్పేసింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే, ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె "టీచర్, ఆ సముద్రం మీరు చూసినారా?" అని అడిగిందట. క్లాసంతా తనవైపే చూస్తుంటే లేదనడానికి నోరు రాలేదట. "చూడ్డమేంది, దాటినా" అనేసిందట. ఒక అబద్ధానికి తోడు వాంతులు, వాంతులకు తోడు చేప, ఏటేటా పెరుగుతూ పోయిందట. "ఒక్కసారి దాటేస్తే చాలు. ఆ తర్వాత నేను చెప్పేదంతా నిజమే అయిపోద్ది. కానీ దాటేలోపల ఆయనకు తెలిస్తే నా మొహం ఎట్టా చూపించేది?" అని నన్నడిగింది. నేనేం చెప్పను? నాకు తెలిసింది చీకట్లో పడి ఉండటం ఒక్కటే. అయినా ఆమె మీద జాలేసింది. అప్పటిదాకా నన్ను తుడిచినవాళ్ళు ఎవరూ లేరు.

భోజనాల బల్ల మీద పటం పరిచారు. నాయుడుపేట నుంచి మద్రాసు, పుదుచ్చేరి మీదుగా నాగపట్నం, అక్కడ ఓడ, అవతల కాంకేసన్‌తురై, జాఫ్నా, అక్కణ్ణుంచి లంక కొస దాకా. పూలు కట్టే దారంతో కొలిస్తే రానూపోనూ రెండు వేల కిలోమీటర్లు తేలింది. ఏ సందేహం వచ్చినా మునిరత్నం పేపరు చూడడు, ఫోను చేయడు. "నువ్వు పోయొచ్చినదానివి. నీకు తెలియందేముండాది?" అంటాడు. ఆమె చెప్పక తప్పదు. ఓడలో వాంతికి ఏం చేయాలంటే చింతపండు బుగ్గన పెట్టుకోవాలంది. రెండు కిలోలు కొన్నాడు. లంకలో గొడుగులు దొరకవంది. నాలుగు కొన్నాడు. "ఓడలోకి కారు పడతాదా?" అనడిగాడు. "ఎందుకు పట్టదు? నేను పోయినప్పుడు రెండు బస్సులు ఎక్కించినారు" అంది. ఆ మాట చెప్పిన సాయంత్రం కూడా ఆమె వచ్చి, ఇవన్నీ చెప్పుకుంటూ నన్ను తుడిచింది.

ఇక ముహూర్తాలు. దశమి నాడు దివ్యమైన ముహూర్తం కుదిరింది, వీసాలు మాత్రం రాలేదు. ఇలాంటప్పుడు పెద్దలు ప్రస్థానం పెడతారు. ముహూర్తం వేళకు మనతో రావలసిన సామాను ఒకదాన్ని, వెళ్ళే దిక్కున ఎవరింట్లోనో ముందుగా పెట్టి రావడం. ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క, అయిదు రోజుల్లోపల మనం బయల్దేరితే సరి. ఏం పెట్టాలన్నది ప్రశ్న. బట్టల పెట్టె పెడదామంటే ఏ చీరలు తీసుకుపోవాలో వేదవల్లి ఇంకా తేల్చుకోలేదు. మునిరత్నం చూపు నా మీద పడింది. "స్టెప్నీ పోతే బండి పోయినట్టే గదా" అన్నాడు. నాకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. దక్షిణం వైపు నాలుగిళ్ళ అవతల పిండిమిల్లు కామాక్షమ్మ ఇంట్లో దించారు. అన్నేళ్ళ జీవితంలో నేను చేసిన మొదటి ప్రయాణం అది. దొర్లించి తీసుకెళ్ళారు, అది మాత్రం బాగుంది.

అయిదు రోజులైనా వీసాలు రాలేదు. ప్రస్థానం మురిగిపోయింది. నన్ను ఇంటికి తెచ్చి, ఇంకో ముహూర్తానికి మళ్ళీ పసుపు రాసి, మళ్ళీ దొర్లించారు. అదీ మురిగింది. మూడోసారికి నేను పసుపు, పిండి కలిసి బూరెలా తయారయ్యాను. కామాక్షమ్మకు ఓపిక పోయింది. "ఏంది టీచరమ్మా, మీరు ప్రయాణం పోతారా, లేకుంటే దీన్ని నాకు దత్తతిస్తారా?" అని వీధిలో అందరికీ వినబడేలా అడిగింది. నాకు పౌరుషం వచ్చింది గాని, వచ్చి ఏం లాభం?

నాలుగోసారి పెట్టిన రెండో రోజే వీసాలు వచ్చాయి. తీరా చూస్తే ఓడ వారానికి ఒక్కసారే, అదీ గురువారం. భార్యతో కామాక్షమ్మ ఇంటికొచ్చిన మునిరత్నం నా పక్కనే కూర్చుని పంచాంగం మూసి, కళ్ళజోడు తీసి, పెద్దగా నిట్టూర్చాడు. "దక్షిణానికి గురువారం వారశూల. ఇంక మన చేతుల్లో ఏముండాది? పోవద్దని రాసిపెట్టుంటే ఎవురేం చేస్తారు?" ఆ నిట్టూర్పులో బాధ కంటే హాయి ఎక్కువ వినిపించింది. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

పోకుండా తప్పించుకోవడానికి వేదవల్లికి అంతకంటే మంచి దారి దొరకదు. సరేలెండి అంటే అయిపోయేది. కానీ ఆమె సంచిలో నుంచి పటం తీసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు దాన్ని కర్రతో చూపించిన మనిషికి, అంత దూరం వచ్చి వెనక్కి పోవడానికి మనసొప్పలేదు కాబోలు.

"నాగపట్నంలో సముద్రం ఏ పక్కుండాది?" అంది.

"తూర్పు."

"అయితే రేవులో నుంచి ఓడ ఏ పక్కకు బయల్దేరాల?"

"తూర్పుకి. కానీ ఆ తర్వాత దక్షిణానికి తిరగదా?"

"తిరిగితే తిరగనీండి. శూల బయల్దేరేదానికా, దారిలో మలుపులకా? మీరు కొట్టుకి పోయేటప్పుడు దినామూ ఎన్ని మలుపులు తిరగలా? గురువారం తూర్పుకి శూల ఉండాదేమో పంచాంగం చూసి చెప్పండి."

లేదు. మునిరత్నం రెండుసార్లు చూశాడు, అయినా లేదు. బుధవారం తెల్లవారుజామున ఇంటి నుంచి కారు కదిలింది. నన్ను కామాక్షమ్మ ఇంటి దగ్గర ఎక్కించుకున్నారు. ఆమె వెళ్ళి రమ్మని నోటితో అనలేదు గాని, నన్ను చేత్తో తట్టింది.

గురువారం పొద్దున రేవు గేటు దగ్గర అధికారి కారును చూసి నవ్వాడు. "ఇది మనుషులెక్కే ఓడ సార్. కార్లు ఎక్కవు" అన్నాడు అరవంలో. నాయుడుపేట వాళ్ళకు అరవం అర్థం కాకపోవడమనేది ఉండదు. మునిరత్నం భార్యవైపు చూశాడు. "అప్పట్లో ఓడలు పెద్దవి" అందామె నేల చూస్తూ. మూడు గొడుగులు, కిలోన్నర చింతపండు, నాలుగు చక్రాలతో సహా కారును లారీ షెడ్డులో వదిలేశారు. పెట్టె దించుకున్నారు. చివర్లో మునిరత్నం డిక్కీ తెరిచి నన్ను దించాడు.

"టైరు ఎందుకు సార్, కారే లేకుండా?" అన్నాడు అధికారి.

"ప్రస్థానం పెట్టినాం. పెట్టిన సామాను మనతో రావాల. లేకుంటే ప్రయాణం చెల్లదు."

అధికారి మొహం మారిపోయింది. అరవదేశంలోనూ ఆ ఆచారం ఉందట. "ముందే చెప్పొద్దా సార్? మా తాతగారు కాశీకి గొడుగు పెట్టారు" అంటూ నా మీద సుద్దముక్కతో గుర్తు వేసి, దారిలో ఉన్న ఇద్దర్ని పక్కకు జరిపి మరీ పంపించాడు. పాస్‌పోర్టు లేకుండా దేశం దాటిన దాన్ని నేను.

ఓడ తూర్పుకే బయల్దేరింది. మునిరత్నం చేతి గడియారానికి ఉన్న దిక్సూచి చూసుకుని తృప్తిపడ్డాడు. అది దక్షిణానికి తిరగడంతోనే ఆయన కడుపు కూడా తిరిగింది. చింతపండు చప్పరించాడు, వాంతి. మానేశాడు, అయినా వాంతి. బెంచీ పక్కన నేలమీద కూర్చుని, నా మీద తల వాల్చి, కళ్ళు మూసుకున్నాడు. వేదవల్లి మాత్రం ఇంట్లో కూర్చున్నట్టే కూర్చుంది.

ఓడ మనిషి వచ్చి ఇద్దరికీ కాగితాలు ఇచ్చిపోయాడు, దిగే ముందు నింపాలని. పేరు, ఊరు, వయసు. తర్వాత ప్రశ్న, ఇంతకుముందు శ్రీలంకకు వచ్చారా. అవును, కాదు, రెండు గళ్ళు.

"నీ దాంట్లో అవును దగ్గర గీత పెట్టు. మర్యాద చేస్తారు" అన్నాడు మునిరత్నం కళ్ళు తెరవకుండానే.

ఆమె పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. పిల్లలకు చెప్పడం వేరు, ఊరికి చెప్పడం వేరు. ఇది సర్కారు కాగితం, పక్కనే మొగుడు. నాకు గాలి దిగిపోయినంత పనైంది. ఆమె కాదు దగ్గర గీత పెట్టింది. అప్పుడే ఆయన ఒక కన్ను తెరిచాడు.

"ఏమే, తప్పు గీసినావు."

"తప్పు కాదండీ. నేను ఎప్పుడూ రాలేదు. మా మేనమామ ఓడ మొహమే చూడలేదు."

మునిరత్నం లేచి కూర్చున్నాడు. "వాంతులు?"

"లేదు."

"చేప?"

"లేదండీ."

"బస్సులు ఎక్కించింది?"

"అదీ లేదు. కారు ఆడ నిలబడిపోయింది నా వల్లే." ఆమె ఏడ్చేసింది. ముప్ఫై ఏళ్ళ అబద్ధం ఒక్కసారే బయటికి రావడమంటే మాటలు కాదు.

మునిరత్నం ఆమె చేతిలోని కాగితం మరోసారి చూశాడు. తర్వాత నవ్వు మొదలుపెట్టాడు. నవ్వుతూ వాంతి చేసుకున్నాడు, మూతి తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. "నేనేమో సూళ్ళూరుపేట దాటితే దారి తెలియనోణ్ణి. ఇన్నేళ్ళు నీ పక్కన నిలబడాలంటే జంకుగా ఉండేది. ఓడలో నీ ముందర నా తెలివితక్కువ బయటపడతాదని ఎన్ని శూలలు వెతికినానో నీకేం తెలుసు! నువ్వూ నా మాదిరేనా?" అని ఆమె చెయ్యి పట్టుకుని బెంచీ మీంచి కిందికి దించుకున్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళకు ఇద్దరూ ఒకే ఎత్తున కూర్చున్నారు, నాకు చెరోవైపు.

కాంకేసన్‌తురైలో తవరాసా అనే ఆయన టాక్సీ మాట్లాడుకున్నారు. చూస్తే మా కారు జాతిదే. ఎడమ వెనక చక్రం పంక్చరై ఉంది, దాని స్టెప్నీ అంతకంటే అధ్వాన్నం. తవరాసా నన్ను ఆశగా చూశాడు. మునిరత్నం సరేనన్నాడు. నాలుగు బోల్టులు బిగుసుకున్నాయి, జాకీ దిగింది, కారు బరువు నా మీద పడింది. ఆ సంతోషం ఎలాంటిదో చెప్పమంటే నాకు చేతకాదు.

స్పానరు సంచిలో వేస్తూ తవరాసా అడిగాడు, "మా ఊరికి ఇదే మొదటిసారా, అయ్యా?"

వేదవల్లి నోరు తెరిచేలోపలే మునిరత్నం అందుకున్నాడు. "నాకు మొదటిసారి. మా ఆడమనిషి ఎప్పుడో వచ్చిపోయింది. దారులన్నీ ఆమెకి తెలుసు, ఆమెనే అడుగు."

ఆమె ఆయన్ని గట్టిగా గిల్లింది. తర్వాత కొంగు సర్దుకుని, ముందు సీట్లో దర్జాగా కూర్చుని, "నేరుగా పోనీ నాయనా" అంది.

నేరుగా రేవు ప్రహరీగోడ ఉంది. తవరాసా "సరే అమ్మా" అని కుడివైపుకు తిప్పాడు.