పోగుచెండు బరువు

పోగుచెండాట ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలీదు. పెనుకొండ కోటలో రాజులున్నప్పుడే పుట్టిందని పెనుకొండవాళ్ళు, ఆ రాజులకు ఆట నేర్పిందే తామని హిందూపురంవాళ్ళు వాదిస్తారు. రెంటికీ సాక్ష్యం లేదు కాబట్టి రెండు వాదాలూ ఏ రోగమూ లేకుండా ఇన్నాళ్ళు బతికాయి. ఆటలో ఆ రెండూళ్ళూ ఉప్పూ నిప్పూ. అందుకని చెండును మూడో ఊరు ధర్మవరంలో దాచాలని పాతకాలం పెద్దలు తీర్మానించారు.

ఆ మూడూళ్ళలో ఏడాదిలో పోయిన ప్రతి మనిషి బట్ట నుంచీ ఒక్క పోగు తెచ్చి చెండుకు చుట్టాలి. అందుకే దాన్ని కాలితో తన్నరు, చేత్తోనే విసరాలి. కింద పడితే రెండు జట్లూ గొంతుకూర్చుని, తప్పయిందని మొక్కాలి. 1993లో చెండు నలభైసార్లు పడింది. ఆడినదానికంటే మొక్కింది ఎక్కువై పొద్దుగూకింది, ఆట తేలలేదు. తేలకపోవడం ఈ ఆటకు అలవాటే.

చెండు కాపరి రహీమ్ మగ్గం నేసేవాడు. పోగుల దగ్గర మహా కచ్చితం. ఎవరైనా రెండు తెస్తే, "మీ నాయన ఒక్కడే గదప్పా" అని ఒకటి వెనక్కిచ్చేవాడు. ఎక్కువ చుట్టినవాళ్ళ ఇంటి పోగులన్నీ చెండులోంచి తీసెయ్యాలన్న కట్టుబాటు కూడా అతనే అందరికీ గుర్తుచేసేవాడు.

2001లో అతని భార్య భాను పోయింది. నలభై ఏళ్ళు అతని మగ్గానికి కండెలు చుట్టిన మనిషి. ఆమె చీర నుంచి ఒక్క పోగే తీసి చెండుకు చుట్టాడు రహీమ్. నెల తర్వాత, ఆమె దారం చుట్టి పెట్టిపోయిన కండెల బుట్ట కంటబడింది. ఆ దారంతో చీర నేసి ఎవరికో అమ్మడానికి అతనికి చేతులాడలేదు. రోజుకొక కండె చొప్పున చెండుకే చుట్టాడు. బుట్ట ఖాళీ అయ్యేదాకా అది తప్పని తనకు తానే చెప్పుకోలేదు.

మరుసటేడు పెనుకొండ కొండకింద బయలులో ఆట. హిందూపురం జట్టు పెద్ద యల్లప్ప చెండు విసిరి మణికట్టు పట్టుకున్నాడు. అందుకోబోయిన పెనుకొండ పౌలు వెల్లకిలా పడ్డాడు. అందరూ మొక్కి లేచారు.

"ఎవురో శానా చుట్టినారు," అన్నాడు యల్లప్ప. "ఈడనే విప్పి చూడాల."

రహీమ్ చెండును ఒళ్ళో పెట్టుకున్నాడు. విప్పితే పైపొరంతా భానుదే. కండెల దారంతో పాటు ఆమె చీరపోగు కూడా పోతుంది, ఇక ఆమె చెండులో ఉండదు.

"విప్పొద్దప్పా. తప్పు నాదే. మా భాను చుట్టిన దారం, ఇంట్లో చూస్తా ఉండలేకపోతి."

పౌలు తల దించుకున్నాడు.

"మామా, మా యమ్మ కొంగంతా పోగులు తీసి, కొసకు కొస ముడేసి, ఒక్క పోగని నీ చేతికిచ్చినా."

"తెలుసు లేప్పా. ముళ్ళు చేతికి తగిలినాయి."

యల్లప్ప కొండవైపు చూస్తూ, "మా నాయన తలగుడ్డ కూడా అట్లనే," అన్నాడు. ఆ తలగుడ్డ తొమ్మిది గజాలు.

కట్టుబాటు ప్రకారం తీస్తూపోతే చెండే మిగలదు. అందుకని రెండు జట్లూ అక్కడే కూర్చుని కొత్త కట్టుబాటు చేశాయి. ఇకమీదట చెండును విసరకూడదు, మోయాలి. ఎక్కువసేపు మోసినవాళ్ళదే గెలుపు. ముందు కాపరి ఎత్తుకుని, తర్వాత జట్లకివ్వాలి.

రహీమ్ ఎత్తుకున్నాడు. ఎండ తిరిగింది. పౌలు దగ్గరికొచ్చి చేతులు చాపాడు.

"ఇట్లియ్యి మామా, శానాసేపాయ."

"ఇంకొంచేపు ఉండనీప్పా. నలభై ఏండ్లు నా బరువు ఆయమ్మే మోసింది."

రెండు జట్లూ గొంతుకూర్చుని ఎదురుచూశాయి. ఆ ఏడు కూడా ఆట తేలలేదు.