ముళ్లతీగకు ఇటువైపు

దుప్పి పిల్ల అరుపు విని పరుగెత్తుకొచ్చిన దేదీప్య సరిహద్దు రాయి దగ్గర టక్కున ఆగిపోయింది. అమెరికాలోని మోంటానా అడవిలో చెట్లు కొట్టి తీసిన బాటే అక్కడ రెండు దేశాలకూ హద్దు. పిల్ల కెనడా వైపు ఉంది. దాని వెనక కాలు తుప్పుపట్టిన ముళ్లతీగలో ఇరుక్కుంది.

ఎప్పుడో పశువుల కోసం వేసిన ఆ తీగను రెండు దేశాల పార్కుల వాళ్లూ కలిసి ఈ వేసవిలో తీసేస్తున్నారు. ఇటువైపు పని, వైల్డ్‌లైఫ్‌లో మాస్టర్స్ చేస్తున్న దేదీప్యకు అప్పగించారు. కట్టర్ ఆమె చేతిలోనే ఉంది.

వాకీటాకీలో మాయను పిలిచింది. ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి మాయ పార్కు రేంజరు. కింద ట్రక్కు దగ్గరుంది.

"నాలుగడుగులే మాయా. కట్ చేసి వచ్చేస్తా."

"నో! అక్కడ కెమెరాస్ ఉన్నై. క్రాస్ చేస్తే నీ వీసా పోతది. నేను కూడా క్రాస్ చేయలేను. వాళ్ల రేంజర్‌కి కాల్ చేశా, హార్స్ మీద వస్తోంది."

"అంతదాకా అది బతకాలి కదా!"



దేదీప్య కూర్చుంది, లేచింది. ఇండియా వెళ్తే మళ్లీ అమెరికాలోకి రానిస్తారో లేదోనని నిరుడు అక్క పెళ్లిని ఫోన్‌లోనే చూసింది. పిల్ల గింజుకున్నకొద్దీ తీగ కాలిని కోస్తోంది. తల్లి దుప్పి చెట్ల మధ్య అటూ ఇటూ తిరుగుతోంది.

కళ్లకు ఏదైనా కప్పితే జంతువు నెమ్మదిస్తుందని దేదీప్యకు గుర్తొచ్చింది. పైన తొడుక్కున్న జాకెట్ విప్పి పొడవాటి కొమ్మకు తగిలించి, హద్దు మీద బోర్లా పడుకుని ముందుకు చాపింది. జాకెట్ జారిపోయింది. కొమ్మతో లాక్కుని మళ్లీ చాపింది. చేతులు హద్దు దాటాయేమో, చూసుకోలేదు. చివరికి జాకెట్ పిల్ల తల మీద పడింది. అది గింజుకోవడం మానింది.

చాలాసేపటికి కెనడా రేంజరు హానా గుర్రం దిగి పరుగెత్తుకొచ్చింది. ఆమె కత్తికి తీగ తెగలేదు. దేదీప్య తన కట్టర్‌ను అటు విసిరింది. కాలు విడివడగానే పిల్ల కుంటుకుంటూ తల్లి వెనక చెట్లలోకి పోయింది.

"ఇటు రా, ఇద్దరం కలిసి మిగతాది తీసేద్దాం," అంది హానా చెమట తుడుచుకుంటూ.

"రాలేను," అంది దేదీప్య.

హానా మళ్లీ తీగ దగ్గరికి వెళ్లింది. దాన్ని కత్తిరించి, కొసను హద్దు దాకా ఈడ్చుకొచ్చి చేతికందించింది. దేదీప్య ఇటునుంచి లాగుతూ చుట్టసాగింది.

"ఇంకా ఎంతుంది?"

"ఆ కొండ దాకా," అంది హానా.