పదకొండో మంచం పాలు

రెండో గిన్నె పొంగు మీదికి వచ్చేసరికి పాలక్క మంట తగ్గించి, గరిటెతో ఒక చుట్టు తిప్పి, మీగడను అంచుకి తోసింది. కిటికీ బయట అప్పుడే తెల్లవారుతోంది. ఆసుపత్రి వంటశాలలో ఆ వేళకి ఇద్దరే ఉంటారు. కూరగాయలు తరిగే మనిషి ఒక మూల, ఆమె ఒక మూల. గిన్నెను రెండు చేతులా గుడ్డలతో పట్టుకుని పెద్ద క్యానులోకి వంచింది. చుక్క కింద పడలేదు. ఇరవై ఆరేళ్లలో ఆమె చేతిలో పాలు ఒలికింది రెండేసార్లు. ఒకసారి కుడి ముంజేతి మీద పడి ఆకు ఆకారంలో తెల్లటి మచ్చగా మిగిలిపోయాయి. రెండోసారి, పై అంతస్తు నుంచి ఎవరో దిగి వచ్చి ఆమె భర్త పోయాడని చెప్పిన రోజు.

పొట్టి మనిషి, సన్నంగా ఉంటుంది. యాభై ఏడేళ్లు. నెరిసిన జుట్టును వేలెడంత ముడి చుట్టి, పైన వంటశాల వాళ్లిచ్చిన నీలం టోపీ పెట్టుకుంటుంది. పాలబండికి ముందు చక్రం ఒకటి మొరాయిస్తుంది. మలుపు దగ్గర మోకాలితో ఒక్క పోటు పొడిస్తే మళ్లీ దారిలోకి వస్తుంది. ఆ మోకాలే ఇప్పుడు ఆమెకు సరిగ్గా వంగడం లేదు.

అన్నిటికంటే వింత ఏమిటంటే, పాలక్కకు పాలు పడవు. చిన్నప్పటి నుంచీ అంతే. అర గ్లాసు తాగినా గంటలో కడుపు డప్పులా ఉబ్బి, లోపల బిందెలు దొర్లుతున్నట్టు చప్పుడు మొదలవుతుంది. తాగకపోతే ఒళ్లు ఎలా వస్తుందని కన్నతల్లి ముక్కు మూసి తాగించింది. అవన్నీ నాటకాలని అత్తగారు తేల్చేసింది. ఇద్దరిలో ఒక్కరూ ఆ కడుపు మీద గెలవలేకపోయారు. మిఠాయి కొట్టు యజమానికి చక్కెర జబ్బు ఉన్నట్టుగా ఉందే నీ కథ అని వార్డులో అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వి ఊరుకుంటుంది.

మగవాళ్ల వార్డు తలుపు పక్కన రెండు బోర్డులున్నాయి. ఒకదాని మీద ఉదయం మందులు ఆరున్నర అని ఉంటుంది. అది నర్సుల ఆఫీసు వాళ్లది. రెండోదాని మీద పాలు ఆరున్నర అని ఉంటుంది. అది వంటశాల వాళ్లది. రెండూ ఒకే గోడకు వేలాడుతున్నా, ఒక బోర్డు గొడవ ఇంకో బోర్డుకి పట్టదు. అందువల్ల ఏళ్ల తరబడి రోగులు ఒక చేత్తో మాత్ర, ఇంకో చేత్తో పాలు అందుకుంటున్నారు. మాత్ర కడుపులో మంట పెడుతుంది, పాలతో వేసుకుంటే చల్లగా ఉంటుందని పక్కన కూర్చున్న వాళ్లు ప్రేమగా చెబుతారు కూడా.

చాలా మాత్రలకు అందువల్ల వచ్చిన నష్టం లేదు. కొన్నిటికి ఉంది. ఎముకలో పట్టిన చీముకి వాడే పొడుగాటి తెల్ల మాత్ర అలాంటిది. థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర అలాంటివే. పాలు వాటిని కడుపులోనే పట్టేసుకుంటాయి. మింగిన మాట నిజమే గాని, ఒంట్లోకి చేరేది తక్కువ. ఈ సంగతి పాలక్కకి మందుల గదిలో పనిచేసే పెద్దాయన చెప్పాడు. ఆమెకు చెప్పాలని చెప్పలేదు. వేరే ఎవరికో చెబుతుంటే, క్యాను పట్టుకుని అటు వెళ్తూ ఆగి వింది.

అప్పటికి ఆమె భర్త పోయి ఐదు నెలలు. వెల్డింగు పనివాడు. పిక్క ఎముకలో ఇనప ముక్క దిగి చీము పట్టింది. మొదట ఇంటి దగ్గరే తెల్ల మాత్రలు వాడాడు. పాలక్క వార్డులో మిగిలిన పాలు అడిగి, టిఫిను డబ్బాలో పోసుకుని, పూటపూటకీ వేడి చేసి మాత్రతో పాటు తన చేత్తోనే తాగించింది. మంచి పాలు దొరుకుతున్నాయని ఇరుగుపొరుగుతో గొప్పగా చెప్పుకుంది. నలభై ఒక్క గ్లాసులు. ఆ తర్వాతే అతన్ని ఈ ఆసుపత్రి పై అంతస్తులో చేర్చారు. అన్ని పూటలు అలా వేసుకుంటే ఏమవుతుంది అని ఆ రోజు ఆమె పెద్దాయనను అడిగింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, అదొక్కటే కారణమని ఎవరూ చెప్పలేరమ్మా అన్నాడు. ఆ మాటలో ఓదార్పు ఎంత ఉందో, తప్పు ఎంత ఉందో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

తేలినా తేలకపోయినా, ఆ మరుసటి రోజు నుంచే ఆమె పని పద్ధతి మారింది. ఐదు దాకా చదివింది కనుక మంచాల తలవైపు తగిలించిన కాగితాల్లో మందుల పేర్లు కూడబలుక్కుని చదవగలదు. పాలు పనికిరాని మంచాల దగ్గర గ్లాసు బోర్లిస్తుంది. వాళ్లకు పది దాటాక ఇంకోసారి బండి తోసుకుని వచ్చి పోస్తుంది. హెడ్ సిస్టర్ చూసీ చూడనట్టు ఊరుకునేది. పాలవేళ మార్చమని ఆవిడ వంటశాలకు రెండు కాగితాలు కూడా రాసింది. జవాబు రాలేదు.

ఇప్పుడు చిక్కంతా పదకొండో మంచంతో వచ్చింది. అక్కడ ఒక బస్సు డ్రైవరు ఉన్నాడు. కుడి మడమ ఎముకకు చీము పట్టింది. రెండుసార్లు కోసి శుభ్రం చేశారు. ఈ వారం రక్తపరీక్షలో చీము తగ్గినట్టు రాకపోతే చీలమండ దాకా తీసేయాలని పెద్ద డాక్టరు చెప్పేశాడు. బ్రేకు మీద వేసే కాలు అది. డ్రైవరు ఏమీ మాట్లాడడు. అతని వంతు కూడా భార్యే మాట్లాడుతుంది. పక్క మంచాలకు పొగలు కక్కే పాలు పోసి, తన మొగుడి గ్లాసు బోర్లించి పోవడం ఆమెకు మొదటి రోజు నుంచీ గిట్టలేదు. పాలక్క కారణం చెప్పింది. డాక్టరు చెప్పని మాట పాలు పోసే మనిషి చెప్పడమేమిటని ఆమె మొహం మాడ్చుకుంది. ఎనిమిది రోజులు చూసి, మా ఆయన వంతు పాలు ఈవిడ ఇంటికి పట్టుకుపోతోందని వంటశాల సూపర్‌వైజరుకు చెప్పింది.

సూపర్‌వైజరు అప్పటికే పాలక్కకు రెండు నోటీసులు ఇచ్చి ఉన్నాడు. ఇంక ఒక్క మంచం తప్పినా లాండ్రీకి పంపిస్తానని నిన్న సాయంత్రం అందరి ముందూ అన్నాడు. లాండ్రీ నేలమాళిగలో ఉంది. ఎప్పుడూ ఆవిరి, తడి దుప్పట్ల బరువు, దిగడానికి ఇరవై రెండు మెట్లు. రిటైరవడానికి ఇంకా మూడేళ్లుంది. ఆసుపత్రి గొడవ నీకెందుకమ్మా, పోయమన్నచోట పోసెయ్యి అని కూతురు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

ఆరున్నరకి బండి వార్డులోకి వచ్చేసరికి సూపర్‌వైజరు అక్కడే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. చేతి గడియారాన్ని చూసి తల ఊపాడు. డ్యూటీ నర్సు అప్పటికే మాత్రలు పంచుతోంది.

పాలక్క మొదటి మంచానికి పోసింది. రెండోదానికి పోసింది. మూడో మంచం దగ్గర గ్లాసు బోర్లించింది. వెనకే వస్తున్న సూపర్‌వైజరు దాన్ని తిరగేసి నిలబెట్టాడు. ఆమె రెండడుగులు వెనక్కి వచ్చి మళ్లీ బోర్లించింది. అతను నిలబెట్టాడు. ఆమె బోర్లించింది. మూడో మంచం మీది ముసలి దర్జీ పరీక్షగా ఇద్దరినీ చూసి, గ్లాసు తీసుకుని తన దిండు కింద పెట్టేసుకున్నాడు. వార్డులో ఎవరో కిసుక్కున నవ్వారు.

పదకొండో మంచానికి వచ్చేసరికి సూపర్‌వైజరు సహనం అయిపోయింది. ఆమె చేతిలో గరిటె లాక్కుని తానే గ్లాసు నిండా పాలు పోసి బల్ల మీద పెట్టాడు. డ్రైవరు నాలుక మీద అప్పటికే తెల్ల మాత్ర ఉంది. అతని భార్య చేయి చాచింది.

"ఒక్కపూటకి ఏం కొంప మునుగుతుంది?" అన్నాడు సూపర్‌వైజరు.

"నలభై ఒక్క పూటలూ ఒక్కొక్క పూటగానే వచ్చాయి సార్," అంది పాలక్క.

అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే వ్యవధి కూడా ఆమె ఇవ్వలేదు. డ్రైవరు భార్య చేయి తగిలేలోపే గ్లాసు అందుకుని, అందరూ చూస్తుండగా ఎత్తి గటగటా తాగేసింది. పాలు కాలుతున్నాయి. కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. అయినా గుక్క తిప్పుకోకుండా చివరిదాకా తాగి, మూతి తుడుచుకుని, కూజాలోంచి మంచినీళ్లు అదే గ్లాసులో పోసి డ్రైవరు చేతికి ఇచ్చింది. అతను ఆమె మొహం వైపే చూస్తూ మాత్ర మింగాడు.

ఆ తర్వాత మిగిలిన నాలుగు మంచాల దగ్గర ఆమె గ్లాసులు బోర్లించాల్సిన పని లేకపోయింది. వాళ్లే బోర్లించుకుని కూర్చున్నారు.

ఏడున్నరకి కడుపు మొదలుపెట్టింది. ఎనిమిదికి చీర కుచ్చిళ్లు వదులు చేసుకుంది. ఎనిమిదిన్నర నుంచి పావుగంటకోసారి వెనక వైపు మరుగుదొడ్డికి పరుగు. హెడ్ సిస్టర్ గదిలోకి పిలిచినప్పుడు, నిశ్శబ్దంగా ఉన్న ఆ గదిలో ఆమె కడుపు ఒక్కటే మాట్లాడింది. సిస్టర్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత బల్ల మీది కాగితం ముందుకు తోసింది. రోగికి కేటాయించిన పాలు తాగినందుకు రేపటి నుంచి లాండ్రీకి బదిలీ అని ఉంది అందులో.

"తాగలేదని ఒక్క మాట చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను," అంది సిస్టర్.

"తాగాను సిస్టర్."

"ఎందుకు తాగావో రాయనా?"

"కారణం రాసే గడి ఉందా ఇందులో?"

సిస్టర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. లేదు. ఇరవై ఆరేళ్లు పాలు ముట్టని మనిషి పాలు తాగిన నేరానికి తన పేరు గుండ్రంగా, పొందికగా రాసి సంతకం పెట్టింది. పెట్టాక పెన్ను మూత బిగించి, పాలవేళ మార్చమని రాసిన ఆ రెండు కాగితాలతో పాటు మూడోది కూడా రాయమని సిస్టర్‌తో చెప్పింది. రాస్తూనే ఉండమంది. ఒకసారి కాకపోతే ఇంకోసారైనా ఎవరో ఒకరు చదువుతారని చెప్పి, ఇంక నిలబడలేక బయటికి పరిగెత్తింది.

పదింటికి బండి మళ్లీ తీసింది. ఎవరూ తీయమనలేదు, వద్దనీ అనలేదు. బోర్లించిన గ్లాసులన్నిటికీ పాలు పోసింది. ముసలి దర్జీ దిండు కింద నుంచి తన గ్లాసు తీసి పట్టాడు.

మధ్యాహ్నం పెద్ద డాక్టరు రక్తపరీక్ష కాగితం పట్టుకుని వచ్చాడు. పాలక్క ఖాళీ గ్లాసులు ఏరుతూ పక్కనే ఉంది. చీము సగానికి పైగా తగ్గిందనీ, కాలికి భయం లేదనీ, రెండోసారి శుభ్రం చేయడం బాగా పనిచేసిందనీ ఆయన చెప్పాడు. సాయంత్రం ఇంటికి వెళ్లవచ్చు. మాత్రలు ఇంకా నాలుగు వారాలు వాడాలి. డ్రైవరు దుప్పటి కొస మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అతని భుజాలు కదలడం కనిపించింది.

శుభ్రం చేయడమే పనిచేసి ఉండవచ్చు. ఆయన చెప్పిందే నిజం కావచ్చు. పాలక్క గ్లాసులు ఒకదానిలో ఒకటి పెట్టుకుంటూ ఆ మాట లోపల ఒకసారి అనుకుని చూసింది. అనుకున్నా ఏమీ తగ్గలేదు. తన వంతు తాను చేసింది. ఎవరి పేరు మీద రాసుకున్నా కాలు మాత్రం డ్రైవరుదే.

నాలుగున్నరకి ఆమె వార్డు తలుపు దగ్గర టోపీ తీసి మడత పెడుతుండగా డ్రైవరు భార్య మెట్లెక్కి వగరుస్తూ వచ్చింది. చేతిలో మందుల సంచి ఉంది.

"మందుల కిటికీ దగ్గర కూడా అదే చెప్పారక్కా. పాలతో వెయ్యొద్దన్నారు," అంది.

పాలక్క మడత పెట్టిన టోపీని బండి మీద పెట్టింది.

"నేనే చెప్పాను ఆ సూపర్‌వైజరుకి, నువ్వు పాలు పట్టుకుపోతున్నావని. ఇప్పుడే వెళ్లి కాదని చెప్పొస్తాను."

"అది తర్వాత. ముందు మాత్ర ఎప్పుడు వేస్తావో చెప్పు."

"పొద్దున్న ఆరింటికి. సాయంత్రం ఆరింటికి."

"దేంతో?"

"నీళ్లతో."

"పాలు?"

"పదింటికి." ఆగి, భయంగా అడిగింది. "మరి పెరుగో?"

"పెరుగు కూడా పాలేగా. మధ్యాహ్నం భోజనంలో వెయ్యి, రాత్రి వద్దు. పొద్దున టీ పాలు లేకుండా తాగమను. గొణుగుతాడు. గొణగనీ. ఇంకోసారి చెప్పు."

ఆమె చేత మూడుసార్లు చెప్పించింది. మూడోసారి తడబడకుండా చెప్పాక గాని వదల్లేదు. మాత్ర ఒంటికి వేడి చేస్తుంది, కాసిని పాలు పట్టు అని మీ అత్తగారు అంటే ఏం చేస్తావని అడిగింది. ఆ పాలు నేనే తాగేస్తానంది డ్రైవరు భార్య. పాలక్క ఆ రోజు మొదటిసారి పైకే నవ్వింది. నవ్వితే కడుపు ఇంకా నొప్పిగా ఉంది.

డ్రైవరు తన భార్య భుజం పట్టుకుని, కుడికాలి మునివేళ్లు ఆనిస్తూ నడిచి వెళ్లాడు. తలుపు దగ్గర ఆగి పాలక్కకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

పాలక్క వంటశాలకి వచ్చి బండి కడిగి, తుడిచి, గోడ వారగా నిలిపింది. మొరాయించే చక్రాన్ని వంగి ఒకసారి తిప్పి చూసి, రేపు వచ్చే మనిషికి ఆ మోకాలి పోటు సంగతి చెప్పమని కూరగాయలు తరిగే మనిషికి చెప్పింది. ఏ ఏ మంచాలకు పాలు ఆలస్యంగా పోయాలో కూడా చెప్పి, నోటితో అప్పజెప్పించుకుంది. ఆ తర్వాత చేతులు కడుక్కుని, సంచి భుజాన వేసుకుని, వార్డు మీదుగా బయటికి నడిచింది.

పదకొండో మంచం మీద దుప్పటి అప్పుడే మార్చారు. మంచం కింద, కట్టు పట్టడానికని ముందు పట్టీని బ్లేడుతో చీల్చిన కుడికాలి రబ్బరు చెప్పు ఒకటి, గోడవైపు తిరిగి ఉండిపోయింది.