కొత్త అద్దాలు, పాత బెల్టు

నెల క్రితం సత్తవ్వ కంట్లో శుక్లం తీశారు. ఆ రోజు కరీంనగర్‌లో డాక్టర్ కొత్త అద్దాలు ఇచ్చాక, కూతురు అమూల్య ఆమెను కారులో చొప్పదండికి తీసుకొస్తోంది. దారి పొడవునా చేన్లలో విచ్చిన పత్తినీ, కరెంటు తీగల మీది పిట్టలనూ చూస్తూ సత్తవ్వ మాటలు మరిచిపోయింది.

ఊరు దగ్గర పడుతుండగా బానెట్ కింద కీచుమని చప్పుడు మొదలైంది. అమూల్య మెకానిక్ ఓంప్రకాశ్ షెడ్డు ముందు కారు ఆపింది. అతను బానెట్ ఎత్తాడు.

"బెల్టు మంచిగనే ఉన్నది గదన్నా. ఆల్టర్నేటర్ పోయిందా?" అని అమూల్య అడిగింది.

ఓంప్రకాశ్ బెల్టు విప్పి ఆల్టర్నేటర్ చక్రాన్ని చేత్తో తిప్పాడు. అది నున్నగా తిరిగింది.

"గిది బాగుందక్కా," అంటూ బెల్టును వెనక్కి వంచాడు.

సత్తవ్వ ముందుకు వంగింది. "అబ్బ! ఎండిన మడి లెక్క నెర్రెలు బాసింది సూడు బిడ్డా!"

అమూల్య దగ్గరగా పెట్టుకుని చూస్తే గానీ ఆ సన్నని పగుళ్లు కనిపించలేదు.

"అవ్వా, నీకు గింత సన్నటియి కనవడుతున్నయా?"

"అన్నీ కనవడుతున్నయి," అంది సత్తవ్వ.

"మార్చాలె అక్కా. నడితొవ్వల తెగితే బ్యాటరీ చార్జింగ్ కాదు, ఇంజన్ గరమయితది," అన్నాడు ఓంప్రకాశ్.

కొత్త బెల్టు వేసి ఇంజన్ స్టార్ట్ చేశాడు. కీచు చప్పుడు పోయింది. కాస్త దూరంగా నిలబడిన సత్తవ్వ, నల్లని నీటిధారలా పరుగెడుతున్న బెల్టును రెప్ప వేయకుండా చూసింది.

"మనం కార్ల కూసున్నంతసేపు గిది గిట్లనే తిరుగుతదా?"

అవునంటూ అమూల్య బానెట్ మూయబోయింది.

"జర ఆగు బిడ్డా. ఇంకింత సూడనియ్యి."