సంతకం పెట్టినవాడు

దుర్గేష్ మాట్లాడడు, మాట్లాడిస్తాడు. అమీర్‌పేటలో మెట్రో స్టేషను వెనక సందులో అతనిది మైకుసెట్ల దుకాణం. పేరంటమైనా, పార్టీ మీటింగైనా, స్కూలు యానివర్సరీ అయినా, ఎవరి గొంతు ఎంత వినపడాలో మిక్సరు మీద అతని వేళ్ళు తేలుస్తాయి. అందరూ మైక్ అన్నా అని పిలుస్తారు. ఆ పిలుపుకు పలికేది కూడా తలతోనే.

అలాంటి మనిషి రెండు నెలలుగా ఇంకా తగ్గిపోయాడు. పాప హరిణి ఆధార్ జిరాక్సు కోసం బీరువాలో పాత కవర్లు తిరగేస్తుంటే ఒక కాగితం దొరికింది. సోమాజిగూడ అవతల ఏదో చిన్న నర్సింగ్ హోముది. పేషెంటు పేరు సుమశ్రీ. తన భార్య. మూడేళ్ళ కిందటి తేదీ, వినాయకుడి నవరాత్రుల్లోది. గర్భం తీసినట్టు రాసి ఉంది. కింద ఒక గీత, గీత పక్కన 'భర్త సంతకం'. గీత మీద దుర్గేష్ అని తెలుగులో, ముత్యాల్లాంటి అక్షరాలు.

అతను తెలుగులోనే సంతకం పెడతాడు. కానీ అతని అక్షరాలు ముళ్ళకంపల్లా ఉంటాయి. ఇది అతని చెయ్యి కాదు. భార్యకు కడుపొచ్చిన సంగతే అతనికి తెలియదు.

కాగితాన్ని మళ్ళీ కవర్లో పెట్టాడు. సుమశ్రీని ఏమీ అడగలేదు. అడిగితే ఆమె ఒక పేరు చెబుతుంది. ఆ పేరు చెవిన పడ్డాక ఇంట్లో ఎలా కూర్చోవాలో, ఆమె పెట్టిన అన్నం ఎలా తినాలో అతనికి తెలియలేదు. అందుకని నోటిని వదిలేసి కళ్ళతో వెతకడం మొదలుపెట్టాడు. దుకాణంలో ఆర్డరు చీటీ మీద ఎవరు సంతకం పెట్టినా ఆ చేతివైపే చూసేవాడు. పాలవాడి పుస్తకం, అపార్టుమెంటు వాచ్‌మన్ రిజిస్టరు, పాప స్కూలు వ్యాను డ్రైవరు రాసిచ్చిన ఫోను నెంబరు, దేన్నీ వదల్లేదు. మగవాడి చేతిరాత కనబడితే చాలు, నిలబడి చదివేవాడు.

అన్నిటికంటే ఎక్కువగా అతను చూడాలనుకున్నది ఒక్కడి చేతిరాత. పంజాగుట్టలో లాయరు భార్గవ్‌ది. సుమశ్రీ నాలుగేళ్ళుగా ఆయన ఆఫీసులో టైపిస్టు. "మా సారు గిట్లన్నడు, మా సారుకు నా చేతి పచ్చడంటే మస్తు ఇష్టం" అని ఇంట్లో చెబుతుండేది. ఆ పచ్చడి దుర్గేష్‌కు కూడా ఇష్టమే. ఈ రెండు నెలల్లో ముట్టలేదు.

అనుకోకుండా ఆ మనిషే దుకాణం మెట్లెక్కాడు. వెంట మహిళా మండలి ఉదయలక్ష్మి గారు. ఎర్రమంజిల్ క్వార్టర్సులో ఉండి రిటైరైన హెడ్‌మిస్ట్రెస్.

"ఏంటి బాబూ, పోయినసారి మీటింగు మధ్యలో నీ మైకు మూగబోయింది. ఈసారి అలా చెయ్యకు."

"కరెంటు పోయింది మేడమ్."

"పోతే పోయింది. మా వాళ్ళ నోళ్ళు ఆగాయా ఏంటి."

ఎక్కడో ఒక దేశంలో గర్భం తీయించుకునే చట్టం మీద వచ్చే నెల దేశమంతా ఓటేస్తున్నారట. పేపర్లో చదివి ఆవిడకు ఆలోచన వచ్చింది. మన దగ్గర అలాంటి ఓటు పెట్టరు. పెడితే పంజాగుట్ట ఏమంటుందో చూద్దామని ఫంక్షన్ హాలు మాట్లాడారు. ఆదివారం పొద్దున ముందు చర్చ, తర్వాత పెట్టెలో చీటీలు.

"ఒక్కటే ప్రశ్న బాబూ. గర్భం తీయించుకోవాలంటే భర్త సంతకం ఉండి తీరాలా, అక్కర్లేదా. అక్కర్లేదని మన భార్గవ్ గారు మాట్లాడతారు."

దుర్గేష్ పెన్ను ఆగింది. తలెత్తి లాయరు మణికట్టు చూశాడు. తెల్లగా, సన్నగా ఉంది. ఆర్డరు చీటీ ఆయనవైపు తిప్పాడు.

"సంతకం తెలుగుల పెట్టుండ్రి సార్."

"తెలుగులోనా? టెన్త్ తర్వాత రాయలేదండీ," అని నవ్వుతూనే భార్గవ్ పెన్ను అందుకున్నాడు. నాలుకను పళ్ళ మధ్య పెట్టుకుని చిన్నపిల్లాడిలా దిద్దాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి.

వాళ్ళు వెళ్ళాక దుర్గేష్ ఆ చీటీని వెలుతురుకు పెట్టి చూశాడు. పోలిక లేదు. కానీ లాయరు కదా, కావాలనే వంకరగా రాసుండొచ్చు. అలా అనుకుని చీటీ జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీయలేదు.

ఆ సాయంత్రం సుమశ్రీ అన్నం వడ్డిస్తూ అంది, "మా సారుతోని తెలుగుల సంతకం పెట్టిచ్చుకున్నవంట. ఆఫీసుల ఒకటే నవ్వుడు."

"ఊ."

"గదేం కొత్త?"

"రూలు."

"ఎవని రూలు?"

"నా దుకాణం. నా రూలు."

ఆమె అతని మొహం కాసేపు చూసి, పచ్చడి గిన్నె ముందుకు జరిపింది. అతను పక్కకు జరిపాడు.

ఆదివారం హాలు నిండింది. ముందు వరసల్లో మండలి ఆడవాళ్ళు, వెనక వాళ్ళ మొగుళ్ళు, పక్కన ఇద్దరు ముగ్గురు విలేకరులు. వేదిక మీద మూడు మైకులు. నాలుగు మూలలా దుర్గేష్ స్పీకర్లు. పక్కన పాతికేళ్ళుగా స్పీకర్లు మోస్తున్న బాబూ మియా. సుమశ్రీ చిలకాకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. చీటీలు పంచడానికి ఆఫీసు తరఫున వచ్చానంది. ఆ చీర ఆమె పెళ్ళిళ్ళకు తప్ప తీయదు. వేదిక పక్కన భార్గవ్ ఏదో అడిగితే నవ్వి తలూపింది. దుర్గేష్ ఆ నవ్వు మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా చూశాడు.

ముందు అచ్యుతరావు గారు లేచారు. సర్కారులో పెద్ద పని చేసి దిగినాయన. భర్త సంతకం ఉండాలని ఆయన పక్షం.

"ఇల్లన్నాక ఇద్దరిదీ కదమ్మా. పాత స్కూటరు అమ్మాలన్నా ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటాం. అలాంటిది బిడ్డ సంగతి భర్తకు తెలియకుండానా?"

ఆ మాట దుర్గేష్ గుండెలో ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మిక్సరు మీద మొదటి మైకు మీట పైకి నెట్టాడు. అచ్యుతరావు గారి గొంతు హాలు పైకప్పు దాకా లేచింది.

మూడో వరసలోంచి ఒకావిడ, "తొమ్మిది నెలలు మోశారా మీ స్కూటర్ని?" అంది. ఆడవాళ్ళు పైటలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

తర్వాత భార్గవ్. దుర్గేష్ రెండో మైకు మీటల మీద చెయ్యి వేశాడు. పై స్వరం కోసేశాడు, అడుగు స్వరం పెంచాడు. లాయరు గొంతు కుండలోంచి వస్తున్నట్టు తయారైంది. ఆయన కాస్త ముందుకు వంగితే మైకు కూత పెట్టేది. బెదిరి వెనక్కి జరిగితే మాట తగ్గిపోయేది.

బాబూ మియా చెవి దగ్గరికి వచ్చాడు. "క్యా భాయ్, వకీల్ సాబ్‌కు జలుబు చేసిందా?"

"మైకు పాతది."

"పాతదెట్లయితది? మొన్న నేనే కదా తెస్తిని."

బాబూ మియా దుర్గేష్ వేళ్ళవైపు చూసి, వేదికవైపు చూసి, మళ్ళీ వేళ్ళవైపు చూసి తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు.

కుండలోంచి వచ్చినా భార్గవ్ మాట తెలుస్తూనే ఉంది. వయసొచ్చిన ఆడమనిషి తన సంగతి తను ఒప్పుకుంటే చట్టానికి చాలునట. "భర్త సంతకం అనే గీత చట్టంలో లేదు. ఆస్పత్రి కౌంటర్ల మీద ఉంది. నేను చెప్పడం కాదు, ఆ గీత ముందు కూర్చున్నావిడ చెబుతుంది వినండి," అని పక్కకు చూశాడు. "రామ్మా, సుమశ్రీ."

చిలకాకుపచ్చ చీర వేదిక ఎక్కింది. మూడో మైకు అందుకుంది.

దుర్గేష్ చెయ్యి తనంతట తనే మూడో మీటను కిందికి లాగేసింది.

ఆమె పెదాలు కదిలాయి. మొదటి మాటలు మొదటి వరస కూడా దాటలేదు. జనం చెవులు రిక్కించారు. ఆమె ఆగింది. మైకువాడి భార్య. తప్పు మైకుదో మనిషిదో ఆమెకు తెలుసు. అందరి తలల మీదుగా సూటిగా అతన్ని చూసింది.

"ఏమయ్యా, జర సౌండ్ పెంచు," అంది, మైకు దించి, వంటింట్లోంచి పిలిచినట్టు.

రెండు వందల మొహాలు వెనక్కి తిరిగాయి. ఉదయలక్ష్మి గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఏంటమ్మా, మైకాయన మీ ఆయనా? ముందే చెప్పకపోయావా, ఇంకొంచెం బాగా తిట్టేదాన్ని."

హాలంతా నవ్వింది. దుర్గేష్ నవ్వలేదు. మీట మీద వేలు అలాగే ఉంది. పెంచితే ఆ మగవాడి పేరు తన నాలుగు స్పీకర్లలోంచే ఊరందరి ముందు పలుకుతుంది. పెంచకపోతే ఆ పేరు ఇక ఎప్పటికీ తెలియదు. రెండు నెలలు మోసిన బరువు అంత చిన్న మీట మీదికి వచ్చింది. వేదిక మీద ఆమె ఎదురుచూస్తూ నిలబడింది. చెమట పట్టిన వేలితో మీటను నెమ్మదిగా పైకి నెట్టాడు.

"మూడేండ్ల కిందటి మాట," అంది సుమశ్రీ. గొంతు నాలుగు మూలల నుంచీ వచ్చింది. "నా బిడ్డకు పదకొండు నెలలు. మళ్ళ నెల తప్పింది. ఒంట్ల రక్తం లేదు, నాలుగు మెట్లెక్కితె కండ్లు తిరుగుతుండె. ఇప్పుడే ఇంకోటంటె నీకే కష్టమని డాక్టరమ్మ అన్నది. నేను వద్దనుకున్న. కౌంటర్ల పిల్ల కాయితమిచ్చి, భర్త సంతకం అక్కా, అన్నది. పద్నాలుగు సార్లు ఫోన్ చేసిన మా ఆయనకు. వినాయకుని దినాలు. ఖైరతాబాద్‌ల సౌండ్ పెడుతుండె. పట్నమంతటికి ఇనవడే సౌండ్. నా ఫోనే ఇనవడలేదు."

నవ్వేవాళ్ళు లేరు.

"గా పిల్ల మెల్లగ అన్నది, ఎవరన్న మొగాయనతోని పెట్టియ్యి అక్కా, ఎవరని ఎవరడుగుతరు అని. బయట ఆటో ఆయన ఉండె. పెడతనమ్మా అన్నడు, మంచోడే. నాకే మనసొప్పలే. పోయి బెంచీ మీద కూసొని మా ఆయన పేరు నేనే రాసిన." ఊపిరి తీసుకుంది. "నా ఒంటికి నా మాట చాలదన్నరు. నేనే మొగని పేరు రాసిస్తె సరేనన్నరు. ఆ దినం నా మొగుణ్ణి నేనే."

ఆడవాళ్ళ వరసల్లోంచి చప్పట్లు లేచాయి. దుర్గేష్ మిక్సరు మీది చిన్న దీపాలను చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజుల్లో ఫోను బ్యాటరీల డబ్బాలో పడేసి తిరిగేవాడు. పద్నాలుగు మిస్డ్ కాల్స్ చూసి మర్నాడు పొద్దున ఇంటికి పోతే ఆమె పడుకుని ఉంది. ఏమైందంటే జ్వరమంది. సరేనని తనూ పడుకున్నాడు.

పాలవాడి చేతిరాత చూశాడు, వాచ్‌మన్‌ది చూశాడు. ఐదేళ్ళ కాపురంలో భార్య చేతిరాత ఎలా ఉంటుందో అతను చూడనే లేదు. ఆమె ఆఫీసులో టైపు కొడుతుంది. ఇంట్లో క్యాలెండరు మీద పాల లెక్కకు గీతలు పెడుతుంది. ఆ చేతికి అక్షరాలుంటాయని అతనికి తట్టలేదు.

వెతికిన మగవాడు లేడు. గుండె తేలిక కావాలి. కానీ అక్కడ ఇంకో మంట రాజుకుంది. ఈ మాట తనకు ఇంట్లో చెప్పాల్సింది. భార్గవ్‌కు ముందే తెలుసు. ఇప్పుడు స్కూటరాయనకూ తెలుసు. తను అందరితో పాటు, అందరి వెనక కూర్చుని విన్నాడు.

చీటీలు వేస్తుండగా సుమశ్రీ రెండు టీ గ్లాసులు పట్టుకుని మిక్సరు దగ్గరికి వచ్చింది. బాబూ మియా తన గ్లాసు తీసుకుని వైరు చూసివస్తానని పక్కకు తప్పుకున్నాడు.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు దుర్గేష్.

"నువ్వు ఏమైందంటివి. జ్వరమంటి. ఇంకోసారి అడుగుతవేమోనని మూడేండ్లు చూసిన."

అతను జేబులోంచి ఆర్డరు చీటీ తీసి, వెనక్కి తిప్పి, పెన్ను ఇచ్చాడు. ఆమెకు అర్థమైంది. మిక్సరు అంచున పెట్టి దుర్గేష్ అని రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలు.

"కాయితం చూసినవా?"

"రెండు నెలలాయె."

"ఎవనిదనుకున్నవ్?"

అతని కళ్ళు వేదికవైపు పోయాయి. అక్కడ భార్గవ్ గొంతు సవరించుకుంటూ, తన మైకును తట్టి చూస్తున్నాడు. సుమశ్రీ చీటీని తిప్పింది. ఇవతలివైపు సారు దిద్దిన వంకర అక్షరాలున్నాయి. నవ్వబోయింది. నవ్వు పూర్తి కాకముందే మొహం మారిపోయింది. సారు గొంతు కుండలోంచి ఎందుకొచ్చిందో, పచ్చడి గిన్నె ఎందుకు పక్కకు జరిగిందో ఒకదాని వెంట ఒకటి తెలిసినట్టున్నాయి.

"గట్లనా," అంది. చీటీ మిక్సరు మీద పెట్టి, టీ గ్లాసు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఉదయలక్ష్మి గారు పెట్టె పట్టుకుని వచ్చారు. "నువ్వొక్కడివే మిగిలావు బాబూ. వేస్తావా, మీ ఆవిణ్ణి అడగాలా?"

దుర్గేష్ ఓటు చీటీ తీసుకున్నాడు. 'అక్కర్లేదు' దగ్గర గుర్తు పెట్టి మడిచి పెట్టెలో వేశాడు. వేసినవాళ్ళ రిజిస్టరులో సంతకం పెట్టమన్నారు. తన ముళ్ళకంప అక్షరాలు పెట్టాడు.

లెక్క తేలాక ఫలితం చదవమని ఆవిడ సుమశ్రీనే పిలిచారు. ఆమె రెండో మైకు వైపు నడుస్తోంది. దుర్గేష్ మిక్సరు వదిలి లేచాడు. మీటింగు జరుగుతుండగా అతను కుర్చీలోంచి లేవడం బాబూ మియా ఇంతవరకు చూడలేదు. హాలు మధ్యలోంచి నడిచి వేదిక ఎక్కాడు. మూడో మైకు తీసి ఆమె ముందు పట్టుకున్నాడు.

"అది కూత పెడుతది. ఇది తీసుకో."

సుమశ్రీ అతని మొహం చూడలేదు. మైకు మాత్రం తీసుకుంది.

"సౌండ్ ఉన్నదా?"

"ఉన్నది. ఇగ తగ్గియ్య."

ఆమె వేలితో మైకును ఒకసారి తట్టింది. నాలుగు మూలలా మోగింది.