వాగులో నిలబడ్డ పలక

నేను ఒక ఇనుప పలకను. ఒంటినిండా తెల్ల రంగు, దాని మీద నల్లటి అంకెలు. విశాఖలోని ఒక షెడ్డులో నన్నూ నా జోడు పలకనూ ఒకే రేకులోంచి కోశారు. సముద్రానికి దగ్గరి కొండల్లో పక్కపక్కనే దిగే రెండు వాగుల్లో చెరొకదానిలో పాతారు. నీళ్లు మా మీద ఎంతదాకా వచ్చాయో చూడటానికి పరిశోధకురాలు హైమవతి వచ్చేది. ఏళ్ల తరబడి ఒక్క చెట్టూ కొట్టించకుండా ఊరికే కొలిచింది. అడవి ఆరోగ్యంగా ఉన్నప్పుడే దాని నాడి తెలుసుకోవాలట! మనుషులకు ఇంత ఓపిక ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

తర్వాత, రెండు వాగుల తేడా చూడటానికి ముందే అనుకున్నట్టు, నా వాగు లోయలో చెట్లు కొట్టారు. జోడు వాగు లోయను ముట్టుకోలేదు. తొలి వానకే ఎర్రటి బురద నా నెత్తి మీంచి పోయింది. కానీ మరుసటి వేసవిలో వాగు సన్నబడలేదు, నిండుగా పారింది. తాగే చెట్లు లేవు మరి! అబద్ధమెందుకు, నేనూ పొంగిపోయాను.

దిగువన సముద్రం ఒడ్డు పల్లెకు ఎండాకాలం ఈ వాగులే తాగునీరు. పల్లె పెద్ద పోలయ్య ఆయాసపడుతూ ఎక్కివచ్చాడు.

"సెట్లు కొట్టేత్తే నీల్లు పెరిగినాయి గదమ్మా! ఆ రెండో లోయ కూడా కొట్టీమని పైవోల్లకి సెప్పు తల్లీ."

"ఇప్పుడే చెప్పను పోలయ్యగారూ. కొత్త మొక్కలు పెరగనివ్వండి."

"అప్పటికి మేం బతికుంతామేటి?"

విసురుగా వెళ్లిపోయాడు. హైమవతి నా పక్క బండ మీద కూర్చుని నా అంకెలను మళ్లీ మళ్లీ చూసుకుంది. తను పొరబడితే ఒక పల్లె గొంతు తడారిపోతుంది. పాపం, ఆమెకు భయం వేసింది.

మొక్కలు ఏపుగా లేచాయి. పడుచు ప్రాణాలు కదా, ముసలి చెట్లకంటే ఎక్కువ తాగాయి. ఏటికేడు వేసవి నీళ్లు నా అంకెలు ఒక్కొక్కటే దిగిపోయాయి. చివరికి నా పాదం దగ్గర ఇసుక తేలింది.

ఆ వేసవి హైమవతి తల నెరిసి వచ్చింది, పోలయ్య చేతికర్రతో వచ్చాడు. అతను నన్ను చూశాడు. దిగువన జోడు వాగులో బిందెలు ముంచుకుంటున్న తన పల్లె ఆడవాళ్లను చూశాడు.

"ఆ యేల నువ్వు నా మాట ఇనీసుంటే..." అని ఆగిపోయాడు. వెళ్లి ఆ వాగు నీళ్లే చెంబుతో తెచ్చి ఆమెకిచ్చాడు.

నేను ఇసుకలో నిలబడి అదంతా చూశాను. అవతలి లోయలో నా జోడు, ఇన్ని వేసవులు గడిచినా, ఇంతవరకూ తన పాదం చూసుకోలేదు.