దస్తీ దూరం

"కుస్తీ పట్టు, కుస్తీ పట్టు" అని మైదానం అంచున ఎవరో అరుస్తుంటే సాయమ్మ గబుక్కున లేచి నిలబడింది. బిడ్డది కబడ్డీ ఫైనల్ అన్నారు. ఒక పూట కూలి మానుకుని, కాలనీ ఆడవాళ్లను వెంటేసుకుని, పెద్దమందడి నుంచి వనపర్తికి బస్సెక్కి వచ్చింది ఆడపిల్ల కుస్తీ చూడటానికా?

గీత లోపల ఉన్న ఆమె బిడ్డ రోజాకు ఆ మాట సరిగ్గానే వినపడింది. దస్తీ పట్టు. రెండేళ్లుగా వింటున్నదే. అవతలి పిల్ల కూతకు వస్తే ఇవతలి పిల్లలు చేతులు పట్టుకుని గొలుసు కట్టాలి. రోజా చర్చి పక్క కాలనీ పిల్ల. ఆమె చేయి పట్టడానికి ఊరి పిల్లలకు చేతులు రాలేదు. జట్టుకు బనీన్లు కొనిచ్చిన కాంట్రాక్టరు శ్రవణ్ కుమార్ ఉపాయం చెప్పాడు: నడుమ ఒక దస్తీ, చేతిరుమాలు. ఒక కొస పక్కన ఆడే స్వరూపది, ఒక కొస రోజాది. ఆట ఆగదు, అంటు అంటదు. గెలుపు అందరిదీ, ఆ దస్తీ ఉతుకుడు మాత్రం రోజాది.

కూతకు పోయినప్పుడు ఆమెకు ఒంటరితనం తెలియదు. అక్కడ ఎవరైనా ఒంటరిగానే పోతారు. పైగా ఏడుగురూ మీద పడి కాళ్లూ చేతులూ పట్టుకుంటారు. ఎదుటి జట్టే నయం, ముట్టుకుంటుంది. పాయింటు తెచ్చి తిరిగొస్తేనే కష్టం. తనవాళ్లు దూరం నుంచే చప్పట్లు కొట్టి ఊరుకుంటారు.

ఆ రోజు ఎండకు దస్తీ చెమటలో నాని జారింది. ఎదుటి జట్టు కల్వకుర్తి పిల్ల ఆ సందులోంచి దూరి గీత దాటింది. సగం ఆట ముగిసేసరికి ఆరు పాయింట్లు వెనకబడ్డారు.

"దస్తీ గట్టిగ పట్టుమంటే తెల్వదా నీకు?" శ్రవణ్ కుమార్ రోజా మీదికొచ్చాడు.

రోజా దస్తీని నడిమి గీత మీద పరిచింది. "ఇగ పట్టనన్నా. చెయ్యి ఇస్తేనే దిగుత."

"మస్తు చేస్తున్నవ్. జములమ్మా, లే. దీని జాగల నువ్వు ఆడు."

బెంచీ మీది జములమ్మ, గొర్లు కాసేవాళ్ల బిడ్డ, లేవలేదు. "ఇయ్యాల దాని జాగ ఇస్తవ్. రేపు దాని దస్తీ గూడ ఇస్తవా అన్నా?"

జట్టులోని ఫరీదా స్వరూప వైపు చూసింది. "మొన్న మీ ఇంట్ల నాకు నీళ్లు పైకెల్లి పోసిండ్రు. దోసిట్ల తాగిన. దోస్తీ అనుకున్న." అని వచ్చి రోజా చేయి పట్టుకుంది. "మా అమ్మ అందరి ఇండ్లల్ల చేతులు పట్టి గాజులేస్తది. ఎవ్వరి చెయ్యి రాలిపోలే."

తక్కిన నలుగురూ తలలు దించుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చేయి కలిపారు. స్వరూప రాలేదు. "నాకు పట్టాల్నని ఉందే. మా నాయిన సంపుతడు" అని గొణిగి, దస్తీ ఏరుకుని బెంచీ మీదికి పోయింది. జములమ్మ లేచి గీత లోపలికొచ్చింది. బెంచీ మీద స్వరూప ఒక్కతే మిగిలింది.

"నా పేరున్న బనీన్లు విప్పి పొండ్రి మరి" అన్నాడు శ్రవణ్ కుమార్.

అప్పటికే సాయమ్మ ఆడవాళ్లతో మైదానంలోకి దిగింది. "ఎవనితోనే బిడ్డా కుస్తీ?" జవాబు కోసం ఆగకుండానే కొంగులు అడ్డం పట్టించింది. ఏడుగురూ కొంగుల చాటున బనీన్లు తిరగేసి తొడుక్కున్నారు. కాంట్రాక్టరు పేరు లోపలికి పోయింది.

ఎప్పుడూ మూలన నిలబెట్టే రోజాను ఫరీదా నడుమకు లాగింది. రోజా స్కోరు చెప్పేవాళ్ల మైకు అడిగి తీసుకుంది.

"మా అమ్మకు కుస్తీ అని ఇనవడ్డది. మీకు ఏమినవడ్డదో తెల్వదు. శ్రవణన్న అన్నది దస్తీ. నా చెయ్యి ముట్టొద్దని రెండేండ్లు నడుమ పెట్టిన దస్తీ. ఇప్పుడది గా బెంచీ మీద స్వరూపక్క చేతిల ఉన్నది. దాని రెండో కొస పట్టెటోళ్లు మా జట్టుల ఇగ లేరు. రండి, కూతకు రండి."